పాఠకుల ప్రశ్నలు: జే ఒప్పందం మీద అమెరికా జనం ఎందుకు భగ్గుమన్నారు?

పోయిన సంచికలో వాషింగ్టన్ పాలన గురించి రాసినప్పుడు, బ్రిటన్‌తో కుదిరిన జే ఒప్పందం మీద ఊరూరా దిష్టిబొమ్మలు తగలబడ్డాయన్న మాట ఒకటి వచ్చింది. ఆ ఒక్క మాట మీదే ఇన్ని ప్రశ్నలు వచ్చాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: స్వాతంత్ర్యం వచ్చి పట్టుమని పన్నెండేళ్లు కాకముందే సొంత ప్రభుత్వం మీద అంత కోపం ఎందుకు వచ్చిందండీ? ఆ ఒప్పందంలో అంత ఘోరం ఏముంది? (డిగ్రీ విద్యార్థి, తెనాలి)

జవాబు: ముందు అప్పటి పరిస్థితి తెలియాలి. 1783లో పారిస్ సంధితో బ్రిటన్ అమెరికా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది. సంధి ప్రకారం సరిహద్దు కోటలు ఖాళీ చెయ్యాలి. పదేళ్లు దాటినా డెట్రాయిట్, నయాగరా, ఆస్వెగో లాంటి చోట్ల బ్రిటిష్ సైన్యం కదల్లేదు. ఎందుకు పోరయ్యా అంటే, యుద్ధానికి ముందు మా వర్తకుల దగ్గర మీవాళ్లు చేసిన అప్పులు తీర్చలేదు, మా పక్షం వహించినవాళ్ల ఆస్తులు వెనక్కి ఇవ్వలేదు, మీరు మాట నిలబెట్టుకోనప్పుడు మేమెందుకు నిలబెట్టుకోవాలి అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ముఖ్యంగా వర్జీనియా పొగాకు భూస్వాములు బ్రిటిష్ వర్తకులకు పెద్ద మొత్తాలు బాకీ ఉన్నారు, ఆ బాకీలు వసూలు కాకుండా రాష్ట్ర చట్టాలు వాళ్లను కాపాడుతూ వచ్చాయి.

ఇది ఇలా నలుగుతుండగా 1793లో బ్రిటన్‌కూ విప్లవ ఫ్రాన్స్‌కూ యుద్ధం మొదలైంది. అమెరికా తటస్థంగా ఉంటానని ప్రకటించి, ఇద్దరితోనూ వ్యాపారం చేసుకుంటూ పోదామనుకుంది. బ్రిటన్ ఒప్పుకుంటుందా? ఆ ఏడు నవంబరులో ఫ్రెంచి దీవులతో వ్యాపారం చేసే ఓడలన్నిటినీ పట్టుకోమని తన నౌకాదళానికి ఆజ్ఞ ఇచ్చి, ఆ ఆజ్ఞను కొన్ని వారాలు గుట్టుగా ఉంచింది. ఆ విషయం తెలియని అమెరికన్ ఓడలు నేరుగా వెళ్లి చిక్కుకున్నాయి. వెస్టిండీస్‌లో సుమారు 250 ఓడలు పట్టుబడ్డాయి. అది చాలక అమెరికన్ ఓడలెక్కి, వీడు మావాడే అంటూ నావికులను లాక్కెళ్లి తమ యుద్ధనౌకల్లో పనికి పెట్టుకునేవారు. ఒక్కసారి ఆ నావికుల ఇళ్ల గురించి ఆలోచించండి. వ్యాపారానికని పోయిన కొడుకు ఇంకో దేశం యుద్ధంలో ఫిరంగుల పక్కన నిలబడి ఉంటాడు, తిరిగొస్తాడో లేదో తెలియదు.

1794లో యుద్ధం ఖాయం అనుకున్న సమయంలో వాషింగ్టన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ జేని లండన్ పంపాడు. జే ఆ పదవికి రాజీనామా కూడా చెయ్యలేదు, న్యాయమూర్తిగా ఉంటూనే రాయబారిగా వెళ్లాడు. అది అప్పుడే చాలామందికి నచ్చలేదు. అక్కడ విదేశాంగ మంత్రి గ్రెన్‌విల్ ప్రభువుతో నెలల తరబడి మాట్లాడి 1794 నవంబరు 19న సంతకం చేశాడు.

ఏం తెచ్చాడంటే, 1796 జూన్ 1 నాటికి కోటలు ఖాళీ చేస్తామన్న హామీ. కానీ అది 1783లోనే ఇచ్చిన హామీ కదా! పట్టుకున్న ఓడలకు పరిహారం సంగతి ఒక సంఘం తేలుస్తుంది, అమెరికన్ల పాత బాకీల సంగతి ఇంకో సంఘం తేలుస్తుంది, ఆ బాకీలకు అమెరికా ప్రభుత్వమే పూచీ. నావికులను లాక్కెళ్లడం గురించి ఒక్క ముక్క లేదు. తటస్థ దేశం ఓడలో ఉన్న సరుకు జోలికి రాకూడదన్న అమెరికా వాదనను పక్కన పెట్టేశారు. బ్రిటిష్ సరుకు మీద ప్రత్యేకంగా సుంకం వేసి ఒత్తిడి పెట్టే హక్కును కూడా అమెరికా పదేళ్లకు పైగా వదులుకుంది. ప్రభుత్వాన్ని వ్యతిరేకించే జెఫర్సన్, మాడిసన్‌ల పక్షం బ్రిటన్ మీద వాడదామనుకున్న ఆయుధం అదొక్కటే.

అన్నిటికన్నా మండించింది 12వ అధికరణం. బ్రిటిష్ వెస్టిండీస్ దీవులకు అమెరికన్ ఓడలు రావచ్చు, కానీ 70 టన్నులకు మించని చిన్న ఓడలే రావాలి. ఆ మాత్రం దానికి బదులుగా చక్కెర, మొలాసిస్, కాఫీ, కోకో, పత్తి అమెరికన్ ఓడల్లో మరే దేశానికీ ఎగుమతి చెయ్యకూడదు. దక్షిణాదిలో పత్తి సాగు ఊపందుకుంటున్న రోజులవి! సొంత పొలంలో పండిన పత్తిని సొంత ఓడలో అమ్ముకోవద్దంటే ఎవరు ఊరుకుంటారు చెప్పండి.

ప్రశ్న: టీవీలూ ఫోన్లూ లేని కాలంలో ఒప్పందంలో ఏముందో మామూలు జనానికి ఎలా తెలిసింది? (గృహిణి, వరంగల్)

జవాబు: నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే అనిపిస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ఒప్పందం ప్రతి ఫిలడెల్ఫియా (అప్పటి రాజధాని) చేరేసరికి 1795 మార్చి 7 అయ్యింది, అప్పటికి నాలుగు రోజుల ముందే కాంగ్రెస్ సమావేశాలు ముగిశాయి. వాషింగ్టన్, విదేశాంగ మంత్రి ఎడ్మండ్ రాండాల్ఫ్ చదివి బీరువాలో పెట్టేశారు. మిగతా మంత్రులకు కూడా చూపించలేదు. జూన్ 8న సెనేట్‌ను ప్రత్యేకంగా పిలిచి తలుపులు మూసి చర్చించారు. 12వ అధికరణాన్ని వాళ్లు కూడా మింగలేకపోయారు, దాన్ని పక్కన పెట్టాలన్న షరతు మీద జూన్ 24న 20–10 ఓట్లతో ఆమోదించారు. కావాల్సింది మూడింట రెండొంతులు, వచ్చింది సరిగ్గా రెండొంతులు. ఇంకొక్కడు అటు తిరిగి ఉంటే ఒప్పందం అక్కడే ఆగిపోయేది. అంతా అయ్యాక కూడా ప్రతులు బయటికి ఇవ్వకూడదని సభ్యులను కట్టడి చేశారు.

వర్జీనియా సెనేటర్ స్టీవెన్స్ థామ్సన్ మేసన్ ఆ కట్టడిని ఖాతరు చెయ్యలేదు. ఆయన దగ్గరి ప్రతి ‘అరోరా’ పత్రిక నడిపే బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాష్‌కు చేరింది. బాష్ అంటే ఆ పెద్దాయన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు కూతురి కొడుకు, అప్పటికి ఇంకా పాతికేళ్లవాడు. ముందు జూన్ 29న సారాంశం వేశాడు, జులై 1కి మొత్తం ఒప్పందాన్ని కరపత్రంగా అచ్చేశాడు, వెంటనే కట్టలు కట్టుకుని న్యూయార్క్, బోస్టన్ వైపు తనే బయల్దేరాడు. బండి వెళ్లిన దారి పొడుగునా నిప్పు రాజుకుంది.

తేదీ చూడండి, మూడు రోజుల్లో జులై 4, స్వాతంత్ర్య దినోత్సవం. బ్రిటన్‌ను ఓడించిన పండగ నాడు చేతిలోకి ఈ కాగితం వచ్చింది. ఆ రాత్రి ఫిలడెల్ఫియా శివారు కెన్సింగ్టన్‌లో ఓడలు కట్టే వడ్రంగులు, కూలీలు జే బొమ్మను ఊరేగించి కాల్చారు. బొమ్మ చేతిలో త్రాసు, ఒక పళ్లెంలో అమెరికా స్వేచ్ఛ, ఇంకో పళ్లెంలో బ్రిటిష్ బంగారం, మొగ్గు బంగారం వైపు! ఆ తర్వాత వారాల తరబడి బోస్టన్ నుంచి చార్లెస్టన్ దాకా బహిరంగ సభలు, ఒప్పందం వద్దని తీర్మానాలు, వాటిని అధ్యక్షుడికి పంపడాలు. ఫిలడెల్ఫియాలో జులై 25న సభ అయ్యాక జనం ఒప్పందం ప్రతిని కర్రకు గుచ్చి, బ్రిటిష్ రాయబారి హామండ్ ఇంటి ముందుకు మోసుకెళ్లి తగలబెట్టారు. తన దిష్టిబొమ్మల మంటల వెలుగులోనే రాత్రిపూట దేశం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్లొచ్చని జే అన్నాడని చెబుతారు.

షరతులు బాగా లేవన్నది ఎలాగూ ఉంది, కానీ నాలుగు నెలలు దాచి, ఓటేసి, అప్పుడు కూడా దాచబోయారన్నదే నా దృష్టిలో ఆ మంటకు అసలు కారణం. మార్చిలోనే బయటపెట్టి, ఇదిగో ఇంతే దక్కింది, యుద్ధం చేసే స్తోమత మనకు లేదు అని చెప్పి ఉంటే తిట్లు తప్పేవి కావు గానీ అమ్ముడుపోయారన్న నింద ఇంత గట్టిగా అతుక్కునేది కాదు. దాచారంటేనే ఏదో ఉందని జనం అనుకుంటారు, అలా అనుకోవడం వాళ్ల తప్పు కాదు.

ప్రశ్న: అలెగ్జాండర్ హామిల్టన్‌ను రాళ్లతో కొట్టారని విన్నాను, నిజమేనా? (పాఠకుడు, కర్నూలు)

జవాబు: రాళ్లు పడ్డాయి. 1795 జులై 18న న్యూయార్క్‌లో ఒప్పందానికి వ్యతిరేకంగా పెట్టిన సభకు, ఒప్పందాన్ని సమర్థించే మాజీ ఖజానా మంత్రి హామిల్టన్ తన మనుషులతో వెళ్లి, నేనూ మాట్లాడతాను అని పట్టుబట్టాడు. జనం అరిచి ఆపారు, ఆపినా ఆగకపోతే రాళ్లు విసిరారు. ఆ రోజే ఇద్దరితో ద్వంద్వ యుద్ధం దాకా మాటలు పెరిగాయి.

కానీ రాళ్లేసినవాళ్లు ఆయన నోరు మూయించలేకపోయారు. నాలుగు రోజుల్లో ‘కామిల్లస్’ అన్న మారుపేరుతో వ్యాసాలు మొదలుపెట్టి, న్యూయార్క్ సెనేటర్ రూఫస్ కింగ్‌తో కలిసి 38 వ్యాసాల్లో ఒప్పందంలోని అంశాలను ఒక్కొక్కటిగా సమర్థించుకొచ్చాడు. హామిల్టన్ ఒక్కడే ఒక సేన పెట్టు అని జెఫర్సన్ బెంగపడి, నువ్వు జవాబు రాయక తప్పదని మాడిసన్‌ను బతిమాలాడు. మాడిసన్ రాయలేదు. ఒక మాట మాత్రం హామిల్టన్ అభిమానులు కూడా ఒప్పుకోవాలి. బ్రిటన్ మీద ఒత్తిడి తేవడానికి అమెరికా ఐరోపా తటస్థ దేశాల కూటమిలో చేరుతుందేమోనన్న భయం జేకి పనికొచ్చేది, అలాంటిదేమీ లేదని హామండ్‌తో హామిల్టన్ ముందే చెప్పేశాడు. ఆ కబురు లండన్ చేరాక జే చేతిలో బేరానికి ఏం మిగులుతుంది?

ప్రశ్న: వాషింగ్టన్‌ను దేవుడిలా చూసేవారు కదా, ఆయన్ను కూడా తిట్టారా? అంత వ్యతిరేకత ఉంటే సంతకం ఎందుకు పెట్టాడు? (రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం)

జవాబు: తిట్టారు మాస్టారూ, మామూలుగా కాదు. అప్పటిదాకా ఆయన మంత్రులను తిట్టేవాళ్లు, ఆయన్ను వదిలేసేవాళ్లు. ఈ ఒప్పందంతో ఆ హద్దు చెరిగిపోయింది. జీతం ఎక్కువ తీసుకున్నాడని కూడా పత్రికల్లో రాశారు. పిచ్చికుక్క వెంట పడ్డట్టు జనం ఒప్పందం వెంట పడ్డారని 1795 జులైలో ఆయన హామిల్టన్‌కు రాశాడు. నీరోకో, పేరుమోసిన మోసగాడికో, జేబుదొంగకో కూడా వాడని మాటలు తన మీద వాడారని మరుసటి ఏడు జెఫర్సన్‌కు రాసిన ఉత్తరంలో బాధపడ్డాడు. ఎనిమిదేళ్లు యుద్ధం నడిపి దేశాన్ని నిలబెట్టిన మనిషి చేత అలాంటి మాట రాయించారంటే నాకు మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఆయనకూ ఒప్పందం నచ్చలేదు. సెనేట్ ఆమోదించాక కూడా వెంటనే సంతకం పెట్టలేదు, ఎందుకంటే ఆ వసంతంలోనే ఫ్రాన్స్‌కు తిండిగింజలు తీసుకెళ్లే ఓడలను బ్రిటన్ మళ్లీ పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ ఆజ్ఞ రద్దు చేస్తేనే సంతకం అని రాండాల్ఫ్ సలహా, వాషింగ్టన్ కూడా అటే మొగ్గాడు. ఇంతలో ఫ్రెంచి రాయబారి ఫోషే రాసిన ఉత్తరం ఒకటి బ్రిటిష్‌వాళ్లకు దొరికింది, దాన్ని హామండ్ పద్ధతిగా అమెరికా మంత్రుల చేతికి అందించాడు. అది చదివితే రాండాల్ఫ్ ఫ్రాన్స్ దగ్గర డబ్బు అడిగాడేమో అన్న అనుమానం వచ్చేలా ఉంది. ఆగస్టులో వాషింగ్టన్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు, ఆ వెంటనే మిగతా మంత్రుల ముందే ఉత్తరం రాండాల్ఫ్ చేతికిచ్చి చదవమన్నాడు. ఆయన అవమానంతో అదే రోజు రాజీనామా చేశాడు. లంచం తీసుకున్నాడని ఎన్నడూ రుజువు కాలేదు. నా ఉద్దేశంలో రాండాల్ఫ్‌కు అన్యాయం జరిగింది, ఆ ఉత్తరాన్ని సరిగ్గా ఆ సమయంలో అందించినవాళ్లకు ఏం కావాలో అది దక్కింది.

ఇక సంతకం ఎందుకంటే, యుద్ధం వస్తే తట్టుకునే శక్తి లేదు. నౌకాదళం లేదు, యుద్ధనౌకలు కట్టమని 1794లో చట్టమైతే చేశారు గానీ మొదటి నౌకలు నీళ్లలోకి దిగింది 1797లో. ఖజానా నడిచేది దిగుమతి సుంకాల మీద, ఆ దిగుమతుల్లో చాలా భాగం బ్రిటన్ నుంచే. అటు బ్రిటన్, ఇటు ఫ్రాన్స్, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న దేశానికి కొన్నేళ్ల శాంతి దొరికితే చాలనుకున్నాడు.

ప్రశ్న: ఆ ఒప్పందంలో మన దేశం ప్రస్తావన కూడా ఉందంటారు? (పాఠకురాలు, మచిలీపట్నం)

జవాబు: ఉంది. 13వ అధికరణం ప్రకారం ఈస్ట్ ఇండీస్‌లో (మన దేశమూ అందులోకే వస్తుంది) బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న రేవులన్నిటికీ అమెరికన్ ఓడలు రావచ్చు, సరుకు కొనుక్కుని నేరుగా అమెరికాకు తీసుకెళ్లాలి, ఇక్కడి ఒక రేవు నుంచి ఇంకో రేవుకు తీర వ్యాపారం మాత్రం చెయ్యకూడదు. కలకత్తా, మద్రాసు అందులోకి వస్తాయి. ఉత్తర సర్కార్లు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి కాబట్టి మీ బందరు, విశాఖపట్నం రేవులు కూడా ఆ మాటలోకి వస్తాయి. అమెరికన్ ఓడలు అంతకుముందే మన తీరానికి వస్తుండేవి, ‘యునైటెడ్ స్టేట్స్’ అనే ఓడ 1784 డిసెంబరులోనే పుదుచ్చేరి చేరింది. ఇప్పుడు ఆ రాకపోకలకు కాగితం మీద హక్కు వచ్చింది. ఒప్పందంలో అమెరికన్ వర్తకులు గట్టిగా మెచ్చుకున్న భాగం ఇదే. బట్ట నేసినవాళ్లనూ, ఆ రేవుల్లో బతికేవాళ్లనూ ఎవరూ అడగలేదనుకోండి. యార్క్‌టౌన్‌లో 1781లో ఓడిపోయిన కారన్‌వాలిసే తర్వాత ఇక్కడ గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు 1788లో గుంటూరు సర్కారును కూడా కంపెనీ కిందికి తెచ్చాడు. అక్కడ పోయినదాని కన్నా ఇక్కడ ఎక్కువే సంపాదించుకున్నారు.

ప్రశ్న: సెనేట్ ఆమోదించి, అధ్యక్షుడు సంతకం పెట్టాక కూడా ప్రతినిధుల సభలో గొడవ జరిగిందట. దానికి ఆ అధికారం ఉందా? (లా విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: అదే అసలు తగాదా. ఒప్పందాలు చేసే అధికారం రాజ్యాంగం అధ్యక్షుడికీ సెనేట్‌కూ ఇచ్చింది. కానీ పరిహార సంఘాలకు డబ్బు కావాలి, డబ్బు మంజూరు చెయ్యాల్సింది ప్రతినిధుల సభ. డబ్బు మేమిచ్చేటప్పుడు విషయం మాకు తెలియాలి కదా అని 1796 మార్చిలో ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ తీర్మానం పెట్టాడు, జేకి ఇచ్చిన ఆదేశాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు మా ముందు పెట్టండని. 62–37తో అది నెగ్గింది. వాషింగ్టన్ ఇవ్వనన్నాడు. ఒప్పందాల్లో మీకు పాత్ర లేదని చెబుతూ 1787 రాజ్యాంగ సభ రికార్డులనే సాక్ష్యంగా చూపించాడు. ప్రభుత్వ పత్రాలు చట్టసభకు ఇవ్వకుండా ఆపుకునే అధ్యక్షుడి హక్కు గురించి ఇవాళ్టికీ వాదన వచ్చినప్పుడల్లా ఈ సంగతి తీస్తారు.

నెల రోజులు దేశమంతా పిటిషన్లు, ఈసారి రెండు వైపుల నుంచీ. మసాచుసెట్స్ సభ్యుడు ఫిషర్ ఏమ్స్ జబ్బుతో నిలబడలేని స్థితిలో ఏప్రిల్ 28న లేచి, ఒప్పందం పోతే సరిహద్దు పల్లెల్లో ఏమవుతుందో చెబుతూ చేసిన ప్రసంగం చాలామందిని కదిలించింది. మర్నాడు సభ మొత్తం కమిటీగా కూర్చుని వేసిన ఓటింగులో 49–49. అధ్యక్ష స్థానంలో ఉన్న ఫ్రెడరిక్ మ్యూలెన్‌బర్గ్ ఓటుతో గట్టెక్కింది. తుది ఓటు 51–48.

లివింగ్‌స్టన్ పక్షం అడిగినది తప్పని నేననుకోను. పన్ను కట్టే జనం నేరుగా ఎన్నుకున్నది ఆ సభనే, సెనేటర్లను అప్పట్లో ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభలు.

ప్రశ్న: ఒప్పందం వల్ల చివరికి అమెరికాకు మేలే జరిగిందని చదివాను. అంటే ఊరికే ఆవేశపడి జనమే పొరబడ్డారా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్)

జవాబు: ఈ మాట చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది, నేను ఒప్పుకోను. మేలు జరిగిన మాట నిజం. 1796లో కోటలు ఖాళీ అయ్యాయి. ఓడల యజమానులకు బ్రిటన్ చివరికి కోటి డాలర్లకు పైగా చెల్లించింది, పాత అప్పుల కింద అమెరికా 1802లో 6 లక్షల పౌండ్లకు ఒప్పుకుని తెంచుకుంది. వ్యాపారం బాగా పెరిగింది. దేశాల మధ్య తగాదాలను ఇద్దరి మనుషులతో వేసిన సంఘాల ద్వారా తీర్చుకునే పద్ధతికి ఈ ఒప్పందం నుంచే కొత్త ఊపు వచ్చింది. ఇదంతా చూసి స్పెయిన్ కూడా కంగారుపడి 1795 అక్టోబరులో మిసిసిపీ నదిలో రాకపోకలకు ఒప్పుకుందంటారు.

కానీ 1795లో రోడ్డెక్కినవాడికి ఇవేవీ తెలియవు. వాడికి తెలిసింది తన తోటి నావికుణ్ణి పట్టుకెళ్లారని, ఆ సంగతి ఒప్పందంలో లేదని. ఆ విషయంలో వాడు చెప్పిందే నిజమైంది. నావికులను లాక్కెళ్లడం ఆగలేదు, బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధానికి అదొక ముఖ్య కారణం. ఫ్రాన్స్ ఊరుకోదని విమర్శకులు హెచ్చరించారు, అదీ జరిగింది. ఫ్రాన్స్ అమెరికన్ ఓడలను వందల సంఖ్యలో పట్టుకుంది, 1798 నుంచి 1800 దాకా సముద్రం మీద అప్రకటిత యుద్ధం నడిచింది.

విమర్శకులందరూ ధర్మాత్ములని కూడా అనను. యుద్ధం చివర బ్రిటిష్ సైన్యంతో వెళ్లిపోయి స్వేచ్ఛ పొందిన బానిసలకు వెల కట్టి ఇప్పించలేదని దక్షిణాది భూస్వాములు జే మీద మండిపడ్డారు. జే స్వయంగా న్యూయార్క్‌లో బానిస విమోచన సంఘం అధ్యక్షుడిగా పనిచేసినవాడు, ఆ డిమాండును వదిలేశాడు. వదిలెయ్యడమే న్యాయం. జే తర్వాత ప్రధాన న్యాయమూర్తిగా వచ్చిన జాన్ రట్లెజ్ చార్లెస్టన్‌లో ఒప్పందాన్ని దుమ్మెత్తిపోసి ఆ దెబ్బతోనే పదవి పోగొట్టుకున్నాడు, డిసెంబరులో సెనేట్ 14–10తో ఆయన నియామకాన్ని తిరస్కరించింది. ఇక రెండు పక్షాలూ తలచుకోనిది ఒహాయో ప్రాంతపు మూలవాసులను. బ్రిటిష్ కోటలను నమ్ముకుని వాళ్లు తమ నేల కోసం పోరాడారు. 1794 ఆగస్టులో ఫాలెన్ టింబర్స్ దగ్గర ఓడి వెనక్కి వస్తే పక్కనే ఉన్న బ్రిటిష్ కోట తలుపులు తెరవలేదు, తర్వాత కోటలే అప్పగించేశారు. 1795 ఆగస్టులో గ్రీన్‌విల్ దగ్గర వాళ్లు ఒహాయోలో చాలా భాగం రాసివ్వాల్సి వచ్చింది. జే ఒప్పందం వల్ల మేలు ఎంతో లెక్క కట్టేవాళ్లు ఈ ఖర్చు కూడా వెయ్యాలి.

ప్రశ్న: జే ట్రీటీ కింద కెనడా నుంచి వీసా లేకుండా అమెరికా వెళ్లి పనిచెయ్యొచ్చని ఎవరో చెప్పారు. మాలాంటివాళ్లకు ఆ దారి ఉందా? (పాఠకుడు, టొరంటో)

జవాబు: లేదండీ, ఎవరైనా డబ్బు తీసుకుని ఇప్పిస్తామంటే నమ్మకండి. ఒప్పందం 3వ అధికరణం సరిహద్దుకు రెండు వైపులా ఉన్న మూలవాసులకు స్వేచ్ఛగా రాకపోకలు సాగించే హక్కు ఇచ్చింది. ఆ హక్కును అమెరికా తన చట్టంలో ఇప్పటికీ గుర్తిస్తోంది, కెనడాలో పుట్టి కనీసం సగం మూలవాసీ రక్తం ఉన్నవాళ్లు వీసా లేకుండా వచ్చి ఉండొచ్చు, పనిచెయ్యొచ్చు. కెనడా మాత్రం దాన్ని ఒప్పందపు హక్కుగా గుర్తించడం లేదు, అక్కడి సుప్రీంకోర్టు 1956లోనే కాదంది. అందుకే సరిహద్దు ఊరి మధ్యగా వెళ్లే ఆక్వెసాస్నే లాంటి చోట్ల మోహాక్ ప్రజలు ఆ హక్కు కోసం ఇంకా పోరాడుతూనే ఉన్నారు.